మెత్తకర్రా, బిరుసుకర్రా?

బాగుచేయమని నా దుకాణానికి వచ్చే గాలపు కర్రల్లో చేప విరిచినవి ఏడాదికి రెండో మూడో ఉంటాయి. మిగతావన్నీ కారు తలుపులో పడి నలిగినవి, లేకపోతే సీలింగ్ ఫ్యానుకు తగిలి ముక్కలైనవి. కొత్త కర్ర కొన్న పెద్దమనిషి ఇంటికెళ్లి, ఆగలేక, హాల్లోనే నిలబడి ఊపి చూస్తాడు. నెత్తిన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. మర్నాడు పొద్దున్నే నా దగ్గరికొచ్చి, "పెద్ద చేపండీ, లాగేసింది" అంటాడు. నేనూ నమ్మినట్టే తలాడిస్తాను. ముప్పయ్యేళ్లుగా ఇదే తంతు.

అలాంటివాణ్ణి, మా బావ మా అక్క కర్రను కారు తలుపులో పెట్టి విరిచాడని తెలిసినప్పుడు మాత్రం నవ్వలేకపోయాను. అరికాలి మంట నెత్తికెక్కింది. అది మా నాన్న చేసిన ఆఖరి కర్ర. వెదురును ఆరు బద్దలుగా చీల్చి, ఒక్కో బద్దనూ వెంట్రుకవాసి తేడా రాకుండా చిత్రికపట్టి, జిగురుతో అతికించి, పట్టుదారం చుట్టి చేసిన కర్ర. ఇప్పుడు నేను కూర్చునే బల్ల దగ్గరే కూర్చుని చేశాడు. పని సగంలో ఉండగా రోజుకోసారి అక్కను పిలిచి, చేతికిచ్చి, ఆమె ఎత్తే తీరు చూసి, మళ్లీ కూర్చుని గీకేవాడు. అక్కకు అప్పుడు పాతికేళ్లు.

బావ సంగతి చెప్పాలి. ఆయన ఇరవైతొమ్మిదేళ్లు అంబులెన్సు నడిపాడు. ఆసుపత్రిలో అందరూ 'సైరన్' అనేవాళ్లు. నర్సులు మొహం మీదే అనేవాళ్లు, ఆయనా పలికేవాడు. రిటైరై ఎనిమిది నెలలైనా ఇంకా ఆ బండి దిగలేదు మనిషి. నిలబడి తింటాడు. లేసులు కట్టే ఓపిక లేక జిప్పు బూట్లే వేసుకుంటాడు. లిఫ్టు బటన్ నొక్కి, అది వచ్చేలోపు మెట్లెక్కి పోతాడు. టీ ఊదుకోడు, రోజూ నాలుక కాల్చుకుంటాడు, రోజూ టీనే తిడతాడు. ఎవరైనా మనసు విప్పి ఏదో చెప్పుకోబోతే, "సరే సరే, చివరికేమైందో చెప్పు" అంటాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది, నాలుగు దులిపి దుకాణం ఎక్కొద్దని చెప్పేవాణ్ణి.

అక్క పూర్తిగా వేరే మనిషి. పెద్ద గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకు బైండింగు చేసే పని ఆమెది. కాగితాలు కత్తిరించే ఇనప యంత్రం మీట రోజుకు వందసార్లు కిందకి లాగేది, సూదితో పుటలు కుట్టేది, జిగురు ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చునేది. సెలవు రోజొస్తే నదికి పోయేది. ఇరవై ఏళ్లు ఆమెను నదికి కారులో తీసుకెళ్లింది బావే. తీసుకెళ్లి, కారులోనే కూర్చుని, తుడిచిన అద్దాలే తుడిచి, అరగంటకోసారి హారన్ కొట్టేవాడు. అక్క వెనక్కి తిరిగి చూసేది కూడా కాదు.

ఆమె పట్టే తీరు చాలామందికి తెలియదు కాబట్టి రెండు ముక్కలు చెబుతాను. ఇందులో ఎర ఉండదు, సీసపు గుండు ఉండదు. ఈకలతో కట్టిన దొంగ ఈగ ఒకటి ఉంటుంది, దానికి బరువే లేదు. బరువంతా తాడుది. కర్రను వెనక్కి ఎత్తితే తాడు మన వీపు వెనక గాల్లో సాగుతుంది. అది పూర్తిగా సాగేదాకా ఆగాలి. సాగాక ముందుకు వేస్తే ఈగ వెళ్లి నీటి మీద నెమ్మదిగా వాలుతుంది. ఆగకుండా వేశారా, తాడు కొరడాలా చెళ్లుమంటుంది, ఈగ తెగి ఎటో పోతుంది. చేప నవ్వుకుంటుంది. విద్యంతా ఆ ఆగడంలోనే ఉంది.

పోయిన సీజను ఆఖరి రోజు. మబ్బు పట్టింది. అక్క కర్రను రెండు ముక్కలుగా ఊడదీసి, వెనక సీటు మీద ఆనించి, పక్కకు తిరిగి నీళ్లబూట్లు విప్పుకుంటోంది. ముక్కల కొసలు ఇంకా తలుపు అంచున ఉన్నాయి. బావ, "పద, పద, వానొచ్చేస్తోంది" అంటూ ఒక్క విసురున తలుపు వేశాడు. రెండు ముక్కలూ ఒకేచోట నలిగిపోయాయి. బద్దలు విచ్చుకుని చీపురైపోయింది. అక్క వాటిని తీసి, తలకు కట్టుకున్న గుడ్డ విప్పి చుట్టి, ముందు సీట్లో కూర్చుంది. ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక వంట చేసింది, పెట్టింది, తను తిన్నది, పడుకుంది.

ఆ తర్వాత రెండు వారాలకే ఆమె కుడి భుజానికి ఆపరేషన్ అయింది. ఏళ్ల తరబడి ఆ మీట లాగీ లాగీ లోపల నరం అరిగి చినిగిపోయిందన్నారు. చెయ్యి గుడ్డజోలెలోకి వెళ్లింది. గాలాల పెట్టె అటకెక్కింది.

చలికాలం మధ్యలో ఓ పొద్దున బావ దుకాణంలోకి ఊడిపడ్డాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఒరేయ్ బామ్మర్దీ, మీ అక్క నన్ను తిట్టడం లేదురా."

"సంతోషించు."

"వేళాకోళం కాదు. మూడు నెలలు దాటింది. పల్లెత్తు మాట లేదు. నిన్న అడిగా, సీజను మొదలవ్వగానే నదికి వెళ్దామా అని. 'ఇంక నదేమిటిలెండి' అంది. అంతే. ఇంక నదేమిటిలెండి!" అని రెండు చేతులూ గాల్లోకి విసిరాడు. "ఆవిడ చేత నది మానిపించిన మొగుణ్ణి నేనవుతానా? నా వల్ల కాదు. మొదటిరోజు ఆవిడ నీళ్లలో నిలబడి తీరాలి. మంచి కర్ర తియ్యి. ఏది మంచిది?"

"ఎవరి చేతికి?" అన్నాను.

"మీ అక్క చేతికిరా, ఇంకెవరి చేతికి!"

ఇక తప్పదని రెండు కర్రలు తీసి బల్ల మీద పెట్టాను. కంపెనీవాళ్లు స్లో యాక్షన్, ఫాస్ట్ యాక్షన్ అని రాస్తారు. మా నాన్న కాలం నుంచి మా దుకాణంలో మెత్తకర్ర, బిరుసుకర్ర అంటాం. మెత్తకర్ర కొస నుంచి పిడిదాకా మొత్తం వంగుతుంది, వంగి లేవడానికి దానికి సమయం కావాలి, ఇవ్వాల్సిందే. బిరుసుకర్ర కొసన మాత్రమే వంగి టక్కున లేస్తుంది. దూరం పోతుంది, గాలిని చీల్చుకుని పోతుంది, కానీ చెయ్యి గట్టిగా పనిచేయాలి. నాన్న జీవితమంతా మెత్తకర్రలే చేశాడు. ఇదంతా చెబుతూ తల ఎత్తి చూస్తే బావ రెండు కర్రలూ రెండు చేతుల్లో పట్టుకుని దుకాణం మధ్యలో ఊపుతున్నాడు. రీళ్ల అర ఒకటి కిందపడింది.

ఆ రోజు మొదలు నాకు నరకం చూపించాడు. నేను తాళం తీసేసరికి గుమ్మం ముందు ఉండేవాడు. కాలు కాలిన పిల్లిలా ఆ గోడకీ ఈ గోడకీ తిరిగేవాడు. మెత్తది ఊపి "ఇది మరీ నీరసంగా ఉందిరా" అనేవాడు. బిరుసుది ఊపి "ఇది ప్రాణమున్న కర్ర" అనేవాడు. ఇంటికెళ్లేవాడు, సగం దారిలోంచి ఫోను చేసి, "భుజం నొప్పి మనిషికి బరువు తక్కువది కదా మంచిది? బిరుసుది బరువు తక్కువేగా?" అనేవాడు. నాలుగోరోజుకి వచ్చినవాళ్లకు సలహాలు కూడా మొదలుపెట్టాడు. ఒక ముసలాయన గాలాలు కొనడానికొస్తే ఆయన చేతిలో బిరుసుకర్ర పెట్టి పంపబోయాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

"బావా, దుకాణంలో ఊపి చూస్తే ఏ కర్రా నిజం చెప్పదు. తాడు వేసి, బయట విసిరి చూడాలి. రేపు పొద్దున రా, నేర్పిస్తా," అన్నాను.

బస్సు డిపో వెనక గడ్డి మైదానం ఉంది. ఈగకు బదులు ఎర్ర ఊలు ముక్క కట్టి అక్కడే నేర్పుతాం. మొదట మెత్తకర్ర ఇచ్చాను. వెనక్కి ఎత్తాడో లేదో ముందుకు విసిరేశాడు. చెళ్లుమంది. ఊలు ముక్క గల్లంతు. "ఆగు బావా, వెనక తాడు సాగనియ్యి" అన్నాను. "ఆగాను కదరా!" అన్నాడు. ఆగలేదు. మళ్లీ చెళ్లు. మూడోసారి తాడు మొత్తం ఆయన మెడకే చుట్టుకుంది. డిపోలో టీ తాగుతున్న కండక్టర్లు గోడ దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"ఏం బాబాయ్, గడ్డిలో చేపలు బాగా పడుతున్నాయా?" అని ఒకడు.

"పడ్డదిగా, మెడకి చుట్టుకుని ఉంది చూడు," అని ఇంకొకడు.

బావ చిన్నబుచ్చుకున్నాడు. నేను బిరుసుకర్ర ఇచ్చాను. అది ఆయన తొందరకి సరిపోయింది. నాలుగోసారికే తాడు తిన్నగా ముందుకెళ్లి పడింది. మనిషి మొహం వెలిగిపోయింది. "ఇదేరా! ఇదే మీ అక్క కర్ర!"

"ఇది నీ కర్ర బావా. అక్కది కాదు. నీ కుడిచేత్తో అంబులెన్సు స్టీరింగు తిప్పావు. అక్క చేతికి ఆపరేషనైంది. బిరుసుది భుజాన్ని లాగుతుంది."

"నీకు చేపలు తెలుసు. రోగుల సంగతి నాకు తెలుసు," అని కర్ర సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేనూ ఊరుకున్నాను. అదీ నా తప్పే. ఇంకొకడి చేతికి కావలసిన కర్రను తన చేత్తో ఎంచడం మా వ్యాపారంలో రోజూ చూసే తప్పు, భార్యకు కొనే ప్రతి మొగుడూ చేసేదే. తెలిసీ కర్ర ఇచ్చాను.

చెయ్యి ఎత్తడానికి డాక్టరు ఇంకా మూడు వారాలు గడువు పెట్టాడు. బావ మూడు రోజులు ఆగాడు. నాలుగోరోజు అక్కను మైదానానికి తీసుకొచ్చి, "ఒక్కసారి. ఊరికే. చూడు ఎలా ఉందో," అన్నాడట. అక్క వద్దనలేదు. ఎందుకు వద్దనలేదని తర్వాత అడిగాను. "ఆయన మొహం చూశాక వద్దనలేకపోయానురా," అంది. మొదటిసారి వేసింది. రెండోసారి వేసింది. మూడోసారి కర్ర గడ్డిలో వదిలేసి, భుజం పట్టుకుని, అక్కడే కూలబడింది.

కబురు తెలిసి వాళ్లింటికి వెళ్లాను. అక్క వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. చెయ్యి మళ్లీ జోలెలో. ఆరు వారాలు కదపకూడదన్నారు.

"ఇంకో సంగతి కూడా చెప్పారు," అంది. "ఈ చెయ్యి ఇంక భుజం దాటి పైకి లేవదట."

"మొన్న విసిరినందుకా?"

"కాదు. ఆపరేషన్ చేసినప్పుడే తెలుసట డాక్టరుకి. చెప్పడానికి సమయం చూస్తున్నాడట. మీ బావకి చెబితే నమ్మడం లేదు. తనవల్లే అనుకుంటున్నారు."

బావ పక్కగదిలోనే ఉన్నాడు. తలుపు వెనక అటూ ఇటూ నడుస్తున్న బూట్ల చప్పుడు వినపడుతూనే ఉంది. నేను లేచి ఆ గదిలోకి వెళ్లి, చెప్పకూడని మాట చెప్పేశాను. "నీ తొందరకి మా నాన్న కర్ర పోయింది. ఇప్పుడు అక్క చెయ్యీ పోయింది. ఇంకేం మిగిలింది బావా?"

అలా అన్నాను. డాక్టరు కాదన్నాడని విని కూడా అన్నాను. కడుపు మండి అన్నాను. ఆయన నడవడం ఆపేశాడు. గది మధ్యలో అలా నిలబడిపోయాడు. ఆ మనిషి కదలకుండా నిలబడగా చూడటం అదే మొదలు. మాట వెనక్కి తీసుకోకుండానే వచ్చేశాను.

అయిదు రోజులు ఆయన దుకాణానికి రాలేదు. గుమ్మం బోసిపోయింది. ఆరోరోజు వచ్చి, బల్లకు అవతల నిలబడి, బిరుసుకర్ర తెచ్చి పక్కన పెట్టి, "ఆ మెత్తది కూడా కొన్నాళ్లు ఇవ్వు," అన్నాడు. ఎందుకని అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. తాడు కూడా చుట్టి ఇచ్చాను. రెండూ సంచిలో పెట్టుకుని వెళ్లాడు.

సీజను మొదలైంది. మొదటిరోజు దుకాణం నిండా జనం. సందు చూసుకుని మధ్యాహ్నం నది దగ్గరికి ఒకసారి వెళ్లొచ్చాను. అక్క నిలబడే చోటు, ఏరు వంపు తిరిగే దగ్గర గులకరాళ్ల తిప్ప, ఖాళీగా ఉంది. పక్కనే ఇద్దరు కొత్తవాళ్లు నీళ్లను బాదుతున్నారు. ఆ రోజు నేను అక్క వైపునుంచి కాదు, బావ వైపునుంచి ఆలోచించాను. ఆయన ఈ ఒక్క రోజు కోసమే కదా ఇంత గోల చేశాడు అనుకుంటే నామీద నాకే అసహ్యమేసింది.

ఇంకో రెండు వారాల తర్వాత ఓ పొద్దున్న డిపో పక్కనుంచి పోతూ మైదానంలో బావను చూశాను. ఒక్కడే ఉన్నాడు. మణికట్టుకి గుడ్డ కట్టు. చేతిలో మెత్తకర్ర. కర్ర ఎడమచేతిలో ఉంది.

గోడ దగ్గర కండక్టర్లు ఇద్దరున్నారు గాని వేళాకోళం చేయడం లేదు. "రోజూ వస్తున్నాడండీ," అన్నాడొకడు నాతో. "మొదట నవ్వాం. ఇప్పుడు మా డ్యూటీ మొదలయ్యేదాకా చూసి పోతున్నాం."

దగ్గరికి వెళ్లాను. "ఎడమచేత్తో ఏమిటి బావా?"

"మీ అక్కకి మిగిలింది ఎడమచెయ్యేగా," అన్నాడు నావైపు చూడకుండానే. "నా కుడిచేతికి ఏం తెలుసురా ఆవిడ ఎడమచేతి సంగతి? అందుకని నాకు చేతకాని చేత్తోనే చూద్దామని."

"రెండూ చూశావా?"

"బిరుసుది పది రోజులు చూశా. వెనక తాడు సాగిందో లేదో దానితో తెలియదురా ఈ చేతికి. కుడిచేతికి బలముంది కాబట్టి గుడ్డిగా లాగేసింది. ఇది అలా కాదు. తాడు సాగగానే వెనకనుంచి ఎవరో పట్టుకుని మెల్లిగా లాగినట్టు పిడిదాకా తెలుస్తుంది. చూడు." కర్ర ఎత్తాడు. తాడు వెనక్కి పోయింది. నేను లోపల ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటున్నాను. ఆయన ఆగాడు. నిజంగా ఆగాడు! దవడ బిగుసుకుపోయింది, మెడ నరాలు తేలాయి, బూటుకాలు నేలమీద టపటపలాడుతోంది. అయినా చెయ్యి మాత్రం కదల్లేదు. తర్వాత ముందుకు వేశాడు. ఊలు ముక్క గడ్డి మీద చప్పుడు లేకుండా వాలింది.

"మొన్న అన్నదానికి ఏమనుకోకు బావా," అన్నాను.

"నువ్వన్నదాంట్లో అబద్ధమేముంది?"

"ఉంది. చెయ్యి నీవల్ల పోలేదు."

ఆయన తాడు చుట్టుకుంటూ కాసేపు ఊరుకున్నాడు. ఊరుకోవడం కూడా ఈమధ్యే నేర్చుకున్నట్టుంది. తర్వాత చెప్పాడు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, రైలు గేటు దగ్గర నాలుగు నిమిషాలు ఆగాల్సొచ్చిందట. బండిలో వెనక స్ట్రెచరు మీద ఒకావిడ. గేటు లేచేసరికి ఆవిడ లేదు. "నాలుగు నిమిషాలురా. ఇంజను ఆడుతూనే ఉంది. నేను కూర్చునే ఉన్నాను. అప్పట్నించి ఎక్కడ ఆగినా నాకు ఎవరో పోతున్నట్టే ఉంటుంది. మీ అక్క నీళ్లలో నిలబడితే కూడా అంతే. నాకు భయం. భయమని చెప్పుకోలేక హారన్ కొట్టేవాణ్ణి." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. ముప్పయ్యేళ్లుగా ఎరిగిన మనిషి. ఈ సంగతి నాకు తెలియదు, అక్కకూ తెలియదట.

అక్క జోలె తీసేశాక ఇంకో వారం ఆగి అప్పుడు అడిగాడు. అడగడానికి నన్నూ తోడు తీసుకెళ్లాడు, పెళ్లిచూపులకొచ్చినవాడిలా ఒళ్లంతా చెమటలు. "నదికి రా. నువ్వు పట్టక్కర్లేదు. నేను విసురుతా, చూడు చాలు," అన్నాడు.

"మీరా? విసురుతారా?" అంది అక్క. ఆయన చేతికున్న కట్టు ఏమిటో ఆమెకు ఇన్నాళ్లూ చెప్పలేదు. ఆమె నావైపు చూసింది. నేను తలూపాను. అటక మీది పెట్టె దించమంది.

పొద్దున్నే వెళ్లాం. చలిగా ఉంది. ఏరు నిండుగా, నిమ్మళంగా పోతోంది. బావ కొత్త నీళ్లబూట్లు వేసుకుని నీళ్లలో దిగాడు, నాలుగడుగులు వేసేసరికి రాయి జారి నడుందాకా మునిగాడు. అక్క నవ్వింది. ఆర్నెల్ల తర్వాత వినడం ఆ నవ్వు. ఆయన నిలదొక్కుకుని, కర్ర ఎడమచేతిలోకి తీసుకుని, వెనక్కి ఎత్తి, ఆగి, వేశాడు. దొంగ ఈగ అవతలి రాయి పక్కన నీటి మీద వాలింది. అక్క నవ్వు ఆపేసింది. మళ్లీ వెయ్యమంది. వేశాడు. ఇంకోసారి వెయ్యమంది. ఈసారి ఆమె ఈగను చూడలేదు, వెనక్కి ఎత్తి ఆగిన మొగుడి మొహాన్ని చూసింది.

"ఎడమచేత్తో నేర్చుకున్నారా?" అంది.

"నీకు చెప్పాలంటే నాకు తెలియాలి కదా."

ఆమె నీళ్లలోకి దిగింది. కర్ర ఎడమచేత్తో అందుకుంది. మొదటి విసురుకు తాడు గుట్టగా ఆమె టోపీ మీదే పడింది. రెండోదీ అంతే. బావ పక్కన నిలబడి, "ఇప్పుడే కాదు... తాడు ఇంకా పోతోంది... ఆఁ, వెయ్యి," అని చెబుతున్నాడు. నలభై ఏళ్లు చేపలు పట్టిన మనిషికి ఈయన నేర్పుతున్నాడు. ఆమె చిన్నపిల్లలా వింటోంది. అయిదోదో ఆరోదో కాస్త దూరం పోయింది. అక్క కర్రను ఒకసారి పిడి నుంచి కొసదాకా చూసింది.

"నాన్న కర్ర కాదిది," అంది.

"కాదు. అలాంటిది దొరకదు," అన్నాడు బావ. "ఆ రోజు తలుపు వేసింది నేను. దానికి క్షమించమని ఇప్పటిదాకా అడగలేదు. కొత్తది కొనిస్తే అడిగినట్టే అనుకున్నాను. నువ్వు ఆ రోజే నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేదే. ఎందుకు తిట్టలేదు?"

అక్క నీటి మీద తేలుతున్న తాడును చూస్తూ నిలబడింది. ఆయన కూడా రెట్టించలేదు. నేను ఒడ్డున రాయి మీద కూర్చుని, ఉన్నానని తెలియకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నాను.

"తిడితే మీరు మర్నాడే ఇంకోటి కొనిపడేసి, అయిపోయింది అనుకునేవారు," అంది చివరికి. "మా నాన్న చేసింది పోయిందండీ. అది అంత తొందరగా అయిపోకూడదనిపించింది నాకు. కొన్నాళ్లు మీరు కూడా నాతోపాటు బాధపడాలనిపించింది. అందుకని ఊరుకున్నాను."

బావ ఏడ్చేశాడు. నీళ్లలో నిలబడి, ముక్కు చీదుకుంటూ, దాచుకోకుండా ఏడ్చాడు. తర్వాత మొహం కడుక్కుని, "సరే, పడ్డాను. ఆర్నెల్లు పడ్డాను. ఇప్పుడైనా తిట్టు," అన్నాడు.

"ఇప్పుడా? ఇప్పుడు తీరిక లేదు. కాస్త పక్కకు జరగండి, తాడు తగులుతుంది," అంటూ అక్క ఎడమచేత్తో కర్ర వెనక్కి ఎత్తింది.